నత్రజని ఆకలి: ఇందూరు పొలాల నుండి జన్యు సవరణ దాకా

ప్రవేశిక

2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం సహకార సంఘాల గోదాముల ముందు తెల్లవారక ముందే వరుసలు కట్టారు. నిలబడి అలసిపోయినవారు తమ స్థానంలో చెప్పులో, పట్టాదారు పాసు పుస్తకమో పెట్టి చెట్టు నీడకు వెళ్లారు. ఆ ఫోటోలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. మీలో కొందరు ఆ వరుసల్లో నిలబడి కూడా ఉంటారు. సేద్యం చేసుకుంటూ చదివేవారు దూరవిద్యలో తక్కువేమీ కాదు.

కొరతకు కారణాలు ఏమిటనే చర్చ అప్పుడు చాలా జరిగింది. దిగుమతులు ఆలస్యమయ్యాయన్నారు, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తి ఆగిందన్నారు, కేటాయింపులు చాలలేదన్నారు. ఇవన్నీ ఆ ఏటి కారణాలు. చరిత్ర విద్యార్థి అంతకంటే వెనక్కి వెళ్లి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. నాట్లు వేసిన మూడు వారాలకు యూరియా పడకపోతే పంట దెబ్బతింటుందన్న స్థితి మన పొలాలకు ఎప్పుడు వచ్చింది? తాతల నాటి వరి ఇలా ఆకలిగొన్నది కాదు. ఈ ఆకలిని మొక్కలో పెంచింది మనిషే. ఇప్పుడు దాన్ని జన్యువుల స్థాయిలో తగ్గించడానికి ప్రయత్నిస్తున్నదీ మనిషే. ఆ కథను నిజామాబాద్ జిల్లా నేల మీద నిలబడి, నందిపేట్, బోధన్, రుద్రూర్ వంటి ఊళ్ల వైపు నుండి చూద్దాం.

బస్తాకు ముందు

గాలిలో దాదాపు 78 శాతం నత్రజనే. అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేదు. గాలిలోని నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. ఆ బంధాన్ని తెంచే శక్తి మొక్కకు లేదు, కొన్ని సూక్ష్మజీవులకు ఉంది. వేళ్ల బుడిపెలలో ఉండే బాక్టీరియా పప్పుజాతి మొక్కలకు ఈ పని చేసిపెడుతుందని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886-88 మధ్య నిరూపించారు.

మన రైతుకు బాక్టీరియా పేరు తెలియకపోయినా ఫలితం తెలుసు. జొన్నలో కంది సాళ్లు వేయడం, జనుము, జీలుగ పూతకు రాకముందే కలియదున్నడం, ఎండాకాలంలో చెరువు మట్టి తోలడం, ఇంటి పెంటకుప్పను బండ్లకెత్తి పొలానికి చేర్చడం, గొర్రెల మందను రాత్రుళ్లు పొలంలో పెట్టించుకుని కాపరులకు గింజలు కొలిచి ఇవ్వడం ఇవన్నీ నత్రజనిని సంపాదించుకునే మార్గాలే. నీళ్లు నిలిచే వరిమడికి మరొక అండ కూడా ఉంది. మడి నీళ్లలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుందని పి.కె. డే 1939లో చూపించాడు. వందల ఏళ్లుగా ఒకే మడిలో వరి మీద వరి పండినా నేల పూర్తిగా చచ్చిపోకపోవడానికి ఇది ఒక కారణం.

ఈ పాత పద్ధతిని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. దిగుబడి తక్కువ. పెంట ఎవరి దగ్గర ఉంటుంది? పశువులున్నవారి దగ్గర. మంద పెట్టించుకునే స్తోమత భూమి, గింజలు ఉన్నవారిది. దొర పొలానికి పెంట తోలేది వెట్టి మనిషి. నత్రజని కొరత అప్పుడూ ఉంది, దాని భారం ఎవరి మీద పడేదన్నదే తేడా.

మంజీర నీళ్లు, బోధన్ చెరకు

మంజీర నది మీద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ రూపకల్పన చేసిన ప్రాజెక్టు ఇది. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వడం లక్ష్యం. కాలువల వెంట కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు స్థిరపడ్డారు. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో ఊరి పేరు చివర ఇప్పటికీ వినిపించే ‘క్యాంపు’ అన్న మాట ఆ వలసకు గుర్తు. నీళ్లు వచ్చిన చోటికి చక్కెర వచ్చింది. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన ఆ కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు, వరి పంటల మీద పరిశోధనకు రుద్రూర్‌లో ప్రత్యేక కేంద్రం ఏర్పడడం కూడా ఈ కాలువల పుణ్యమే.

నీళ్లు, ఎరువు జంట అన్న సంగతి ఇక్కడ గమనించండి. వాన మీద ఆధారపడే చల్క భూమిలో ఎరువు కొని వేయడం జూదం. వాన రాకపోతే పెట్టుబడి పోతుంది. కాలువ కింద ఆ భయం లేదు. అందుకే దేశంలో రసాయనిక ఎరువు మొదట చేరినది కాలువల కిందికి, తోటలకు, చెరకుకు.

చెరకు నత్రజనికి బాగా స్పందిస్తుంది, అయితే ఒక చిక్కు ఉంది. నత్రజని ఎక్కువైనా, ఆలస్యంగా వేసినా గడ పచ్చగా ఏపుగా పెరుగుతూనే ఉంటుంది, పక్వానికి రాదు. బరువు పెరిగి రసంలో చక్కెర శాతం పడిపోతుంది. రైతుకు డబ్బు వచ్చేది టన్నుల లెక్కన, కర్మాగారానికి లాభం వచ్చేది చక్కెర లెక్కన. ఒకే బస్తా ఒకరికి మేలు, ఇంకొకరికి నష్టం. నత్రజనిని ‘సమర్థంగా’ వాడడం అంటే ఎవరి లెక్కలో సమర్థంగా అన్న ప్రశ్న జన్యుశాస్త్రం కంటే ముందే, చెరకు కాటా దగ్గరే పుట్టింది.

ఇక్కడ బ్రెజిల్ అనుభవం ఒకటి చెప్పాలి. ఆ దేశంలో చాలా చెరకు రకాలను తక్కువ నత్రజని వేసిన నేలల్లోనే ఎంపిక చేశారు. యోహన్నా డోబరైనర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరుడు కవల్కాంటి 1988లో చెరకు గడ లోపలే నివసిస్తూ నత్రజనిని స్థిరీకరించే బాక్టీరియాను వర్ణించారు. గడలో ఎంత నత్రజని దాని నుండి వస్తుందన్న దానిపై వాదాలున్నాయి. ఒక పాఠం మాత్రం స్పష్టం. మొక్కను ఏ నేలలో, ఎంత ఎరువులో పెంచి ఎంపిక చేస్తామో అది ఆ అలవాటే నేర్చుకుంటుంది. ధారాళంగా ఎరువు వేసిన పరిశోధన క్షేత్రంలో గెలిచిన రకం ధారాళంగా ఎరువు అడుగుతుంది.

పొట్టి వరి

జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా తయారుచేసి చూపాడు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగార స్థాయికి పెంచాడు. 1913లో ఓపావ్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడే ప్రపంచయుద్ధం. అదే అమ్మోనియా పేలుడు పదార్థాలకూ పనికివచ్చింది. స్వతంత్ర భారతంలో సింద్రీ కర్మాగారం 1951లో ఉత్పత్తి ప్రారంభించింది. ఎరువు తయారైంది గాని దాన్ని మింగగల వరి అప్పటికి లేదు. పాత రకాలు నడుమెత్తు దాటి పెరిగేవి. వాటికి ఎరువు ఎక్కువ వేస్తే గడ్డి పెరిగి, వెన్ను బరువుకు చేను పడిపోయేది. పడిన చేనులో గింజ మొలకెత్తేది, కోత కష్టమయ్యేది.

ఈ చిక్కుకు తైవాన్‌లోని ‘డీ జియో వూ జెన్’ అనే పొట్టి రకం పరిష్కారం చూపింది. దాని సంతానమైన తైచుంగ్ నేటివ్-1 1960ల నడుమ మన దేశానికి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8ను విడుదల చేసింది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని సాగుచేసి, విత్తనం పంచి, ‘మిస్టర్ ఐఆర్-8’ అనే పేరు తెచ్చుకున్నారు. హైదరాబాద్ శివార్లలోని రాజేంద్రనగర్‌లో 1965లో అఖిల భారత సమన్వయ వరి అభివృద్ధి పథకం మొదలైంది. ఎస్.వి.ఎస్. శాస్త్రి దాని తొలి సమన్వయకర్త. 1968లో ‘జయ’ అక్కడి నుండే వచ్చింది. ఆ తరువాత తెలంగాణ యాసంగిలో చలిని ఓర్చుకునే రకంగా ‘తెల్లహంస’ స్థిరపడింది. దాని తల్లిదండ్రులలోనూ తైచుంగ్ నేటివ్-1 ఉంది. 1986లో బాపట్ల నుండి విడుదలైన సాంబ మసూరి, అంటే మీరు బీపీటీ అని పిలిచే 5204, అదే వంశానిది. ఈ వంశవృక్షాన్ని గుర్తుంచుకోండి, కొంతసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

పొట్టితనానికి కారణమైన జన్యువు ఏమిటో 2002లో తేలింది. మొక్క పొడవు పెంచే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో ఒక మెట్టును అది బలహీనపరుస్తుంది. ఫలితంగా మొక్క పొట్టిగా నిలబడుతుంది, బరువు గింజలోకి వెళుతుంది. అయితే ఇదే మార్పు వల్ల మొక్కలో పెరుగుదలను అణచే ప్రోటీన్లు పేరుకుంటాయి, నత్రజనిని పీల్చుకునే చురుకు తగ్గుతుంది. చైనా శాస్త్రవేత్త షియాంగ్‌డాంగ్ ఫు బృందం 2018లో దీనికి జన్యుపరమైన వివరణ ఇచ్చింది. అంటే హరితవిప్లవం మనకిచ్చిన మొక్క ఎక్కువ ఎరువును తట్టుకోగలదు, కాని వేసిన ఎరువును పట్టుకోవడంలో నెమ్మది. పడిపోకుండా తినే మొక్కను కోరుకున్నాం, పొదుపుగా తినే మొక్కను అప్పుడు ఎవరూ అడగలేదు. ఆకలి చావుల భయం ఉన్న కాలంలో అది తప్పని నేననను.

చౌక బస్తా

నందిపేట్ మండలం శ్రీరాంసాగర్ జలాశయానికి ఆనుకుని ఉంది. పోచంపాడు దగ్గర ఆ ప్రాజెక్టుకు నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. జలాశయం నిండాక గోదావరి ఒడ్డు పల్లెలు కొన్ని మునిగి, ఊళ్లు ఎత్తు మీదికి మారాయి. ఉమ్మెడ వంటి ఊళ్ల అంచుకే నీళ్లు వచ్చాయి. బోర్లు, ఎత్తిపోతలు తోడై వరి, మొక్కజొన్న, పసుపు, ఎర్రజొన్న పంటలు ఒకదాని వెంట ఒకటి తీసే నేల ఇది. ఇన్ని పంటలు తీసే నేల నుండి ప్రతిసారీ నత్రజని గింజతో, గడ్డితో బయటికి పోతుంది. దాన్ని ఎవరో ఒకరు తిరిగి పెట్టాలి. పశువులు తగ్గిపోయాయి. ట్రాక్టర్ పెంట వేయదు.

ఆ ఖాళీని యూరియా నింపింది. గోదావరికి దిగువన రామగుండంలో బొగ్గు ఆధారంగా కట్టిన ఎరువుల కర్మాగారం 1980లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, నష్టాలతో 1999లో మూతపడింది. అదే స్థలంలో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో మొదలైంది. దాని వార్షిక సామర్థ్యం 12.7 లక్షల టన్నులు.

ధర విషయం ఇంకా ముఖ్యం. 1992 ఆగస్టులో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ తీసివేసి యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచింది. 2010లో వచ్చిన పోషకాల ఆధారిత సబ్సిడీ నుండి కూడా యూరియాను మినహాయించారు. ఈనాడు 45 కిలోల బస్తా ధర సుమారు 266 రూపాయలు. డీఏపీ బస్తాతో పోలిస్తే ఎంత తేడా ఉందో మీ ఊరి దుకాణంలో అడిగితే తెలుస్తుంది. చౌకగా ఉన్నదాన్ని ఒక గుప్పెడు ఎక్కువ చల్లడం మనిషి స్వభావం. చేను రెండు రోజుల్లో నల్లగా తిరుగుతుంది, చూసినవారు మెచ్చుకుంటారు. దోమ, అగ్గితెగులు తరువాత వస్తాయి. ‘రైతుకు అవగాహన లేదు’ అని నివేదికలు రాసేవారు ఈ ధరల చరిత్రను ఒకసారి చదివితే బాగుండునని నాకు అనిపిస్తుంది. రైతు ధరకు తగ్గట్టే ప్రవర్తించాడు.

వేసినది ఎక్కడికి పోతోంది

ఒక చిన్న లెక్క చేద్దాం. యూరియాలో 46 శాతం నత్రజని. 45 కిలోల బస్తాలో 20.7 కిలోలు. వరిమడిలో వేసిన నత్రజనిలో పైరుకు చేరేది సాధారణంగా 30 నుండి 40 శాతం మాత్రమే. 35 అనుకుందాం. అంటే బస్తాకు ఏడు కిలోల చిల్లర పైరులోకి వెళుతుంది. మిగిలిన 13 కిలోలకు పైగా ఉన్నదంతా వృథా అనుకోకండి, కొంత మట్టిలో సేంద్రియ రూపంలో నిలిచి తరువాతి పంటకు అందుతుంది. మిగతాది మూడు దారుల్లో పోతుంది.

యూరియా నేలలో పడగానే ఒక ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. ఎండ బాగా ఉన్న రోజు మడి నీళ్ల మీద నుండి కొంత గాలిలోకి ఎగిరిపోతుంది. ఇది మొదటి దారి. మిగిలిన అమ్మోనియంను నేలలోని బాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటును మట్టి కణాలు పట్టి ఉంచలేవు కాబట్టి నీటితోపాటు కిందికి జారి బావుల్లో, బోర్లలో చేరుతుంది. ఇది రెండవది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశ ప్రమాణం. తెలంగాణలో చాలా చోట్ల భూగర్భజలం ఆ గీత దాటిందని కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చెబుతున్నాయి. పాలు కలిపే నీళ్ల ద్వారా పసిపిల్లలకు ఇది ప్రమాదకరం. మూడవ దారిలో నైట్రేటు మళ్లీ వాయువుగా మారుతుంది. అందులో ఒక భాగం నైట్రస్ ఆక్సైడ్, వందేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 273 రెట్లు భూమిని వేడెక్కించేది. యూరియాకు వేపనూనె పూత 2015లో తప్పనిసరి చేయడానికి ఒక కారణం, అది అమ్మోనియం నైట్రేటుగా మారడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. యూరియాలో వేపపిండి కలిపి చల్లడం అంతకు ముందే మన పల్లెల్లో ఉన్న పద్ధతి.

జన్యువుల దారి

నత్రజని వినియోగ సామర్థ్యం అన్న మాటకు 1982లో మోల్, కాంప్రత్, జాక్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు స్పష్టమైన నిర్వచనం ఇచ్చారు. అందుబాటులో ఉన్న ఒక కిలో నత్రజనికి ఎన్ని కిలోల గింజ వచ్చిందన్నదే అది. దాన్ని వారు రెండుగా విడదీశారు. నేల నుండి ఎంత పీల్చుకుంది అన్నది ఒకటి, పీల్చుకున్నదానితో ఎంత గింజ కట్టింది అన్నది రెండవది. ఎవరైనా ‘కొత్త విత్తనానికి నత్రజని సామర్థ్యం ఎక్కువ’ అంటే ఈ రెండింటిలో ఏది అని అడగడం నేర్చుకోండి. ఇంకొక మెలిక కూడా ఉంది. ఎరువు తగ్గించి వేస్తే ఏ రకానికైనా కిలోకు వచ్చే గింజ పెరిగినట్టే కనిపిస్తుంది. కాబట్టి పాత, కొత్త రకాలను ఒకే నేలలో, ఒకే మోతాదుల్లో, సున్నా నుండి పూర్తి మోతాదు దాకా పోల్చకుండా ఏ మాటా చెల్లదు.

అన్నిటికంటే పెద్ద కల వరికీ గోధుమకూ కందిలాగా తమ నత్రజని తామే సంపాదించుకునే శక్తి ఇవ్వడం. 1970ల నుండి ఈ మాట వింటున్నాం. నైట్రోజినేజ్ అనే ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది, ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 శక్తి అణువులను ఖర్చు చేస్తుంది, దాని తయారీకి చాలా జన్యువులు ఒకేసారి పనిచేయాలి. అందుకే అది ఇంకా ప్రయోగశాల గుమ్మం దాటలేదు.

అంతకంటే నిరాడంబరమైన దారిని కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో అలెన్ గుడ్ బృందం ఎంచుకుంది. బార్లీలోని అలనైన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము జన్యువును వేళ్లలో పనిచేసేలా ఆవ మొక్కల జాతికి చెందిన కనోలాలోనూ, 2008లో వరిలోనూ పెట్టారు. తక్కువ నత్రజనిలో దిగుబడి మెరుగుపడింది. ఆర్కేడియా అనే అమెరికన్ కంపెనీ హక్కులు తీసుకుని, మన దేశంలో మహికోతో కూడా ఒప్పందం చేసుకుంది. ఇన్నేళ్లయినా ఆ వరి రైతు చేతికి రాలేదు. కారణాలు పలు విధాలు. గ్రీన్‌హౌస్ కుండీలో కనిపించిన ఫలితం రకరకాల నేలల్లో అంతగా నిలబడకపోవడం ఈ రంగంలో తరచు జరిగేదే. 2010లో బీటీ వంకాయ మీద విరామం ప్రకటించాక మన దేశంలో జన్యుమార్పిడి ఆహార పంటల దారి మూసుకుపోయినంత పనైంది. నా దృష్టిలో ఇంకొక కారణం ఉంది. యూరియా 266 రూపాయలకు దొరికే చోట యూరియాను ఆదా చేసే విత్తనానికి రైతు అదనపు ధర ఎందుకు ఇస్తాడు? ఆదా అయ్యేది ప్రధానంగా ప్రభుత్వ సబ్సిడీ. విత్తనం ఖర్చు మాత్రం రైతుది.

ఈలోగా చైనా శాస్త్రవేత్తలు వరిలోనే ఉన్న జన్యువులను వెదికారు. నైట్రేటును లోపలికి తీసుకునే ఒక వాహక ప్రోటీను జన్యువు మన ఇండికా వరిలో ఒక రూపంలో, జపోనికా వరిలో మరో రూపంలో ఉందని, ఇండికా రూపమే చురుకైనదని 2015లో చూపారు. 2021లో తైవాన్, చైనా వంటి పరాయి నేలల రకాలతోపాటు ప్రపంచంలోని పలు స్థానిక వరి రకాలను పోల్చిన మరో అధ్యయనం వచ్చింది. సహజంగా నత్రజని తక్కువగా ఉన్న నేలల వరిలో పిలకలను నియంత్రించే జన్యువు ఒక ప్రత్యేక రూపంలో ఎక్కువగా ఉందని, ఎరువులు విస్తరించాక వచ్చిన రకాల్లో అది కనుమరుగైందని తేలింది. మనం చరిత్ర అని చదివేది విత్తనం లోపల కూడా రాసి ఉందన్నమాట.

రాజేంద్రనగర్ నుండి ‘కమల’

2022 మార్చి 30న కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి జీవి జన్యువు మిగలకుండా మొక్క సొంత జన్యువులో చిన్న మార్పు మాత్రమే చేసిన పంటలకు జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుండి మినహాయింపు ఇచ్చింది. బీటీ పత్తిలో బాక్టీరియా జన్యువు చేరింది. జన్యు సవరణలో క్రిస్పర్ అనే పరికరంతో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరిస్తారు. ఈ రెండింటినీ ఒకటిగా రాయకండి, పరీక్షల్లో ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. వాటిలో ఒకటైన డీఆర్‌ఆర్ ధాన్ 100, ‘కమల’, రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని మూలం సాంబ మసూరి. తైచుంగ్ నేటివ్-1 మనవరాలికి జరిగిన సవరణ ఇది. పెరుగుదల హార్మోను సైటోకైనిన్‌ను విరగ్గొట్టే ఎంజైము జన్యువును బలహీనపరచారు. వెన్నులో సైటోకైనిన్ నిలిచి గింజల సంఖ్య పెరుగుతుంది. ప్రకటన ప్రకారం సాంబ మసూరి హెక్టారుకు సగటున 4.5 టన్నులు ఇచ్చిన చోట కమల 5.37 టన్నులు ఇచ్చింది, సుమారు 20 రోజులు ముందు కోతకు వచ్చింది, నత్రజని వినియోగ సామర్థ్యం కూడా ఎక్కువ.

ఇప్పుడు మోల్ నిర్వచనాన్ని తీయండి. రెండింటికీ హెక్టారుకు 100 కిలోల నత్రజని వేశారనుకుందాం. కిలోకు 45 కిలోల గింజ ఒకచోట, 53.7 కిలోలు మరోచోట. లెక్క ప్రకారం సామర్థ్యం పెరిగింది. కాని అది వేళ్లు ఎక్కువ పీల్చుకోవడం వల్లనా, గింజలు ఎక్కువై ఉన్న నత్రజని అందులోకి సర్దుకోవడం వల్లనా? సవరించిన జన్యువు వెన్నుకు సంబంధించినది కనుక రెండవదే ముఖ్యమని ఊహించవచ్చు. రెండవది కూడా మంచిదే. అయితే ఏడు కిలోలు లోపలికి, పదమూడు బయటికి పోయే బస్తా లెక్క దానంతట అది మారదు. పరీక్షల సమాచారం మీద కొన్ని పౌర సంఘాలు ప్రశ్నలు లేవనెత్తాయి. క్రిస్పర్ పరికరం మీద విదేశీ సంస్థల పేటెంట్ల విషయమూ చర్చలో ఉంది. ప్రభుత్వ సంస్థ చేసిన విత్తనాన్ని రైతు మరుసటి ఏడు దాచి వాడుకోగలడా అన్నది నందిపేట్ రైతుకు ఎంజైము పేరు కంటే ముఖ్యమైన విషయం.

వేరు చేసే పని

ఇంతవరకు మొక్క ఎక్కువ తినడం గురించి చెప్పుకున్నాం. నేలలో నత్రజని పారిపోకుండా మొక్కే ఆపగలదా? పేరులోనే గుంటూరు ఉన్న జి.వి. సుబ్బారావు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసి, తరువాత జపాన్‌లోని త్సుకుబాలో అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయన ఈ పనిని కొనసాగించారు. దక్షిణ అమెరికాలో పశువుల మేతగా వేసే ఒక బ్రాకియేరియా గడ్డి వేళ్ల నుండి వెలువడే రసాయనం నేలలోని బాక్టీరియాను నెమ్మదింపజేసి అమ్మోనియం నైట్రేటుగా మారకుండా చేస్తుందని ఆయన బృందం 2009లో ప్రచురించింది. 2021లో అడవి గోధుమ బంధువు ఒకదాని క్రోమోజోము ముక్కను సాగు గోధుమలోకి చేర్చి ఆ గుణాన్ని తెచ్చారు. ఇది క్రిస్పర్ పని కాదు, సంకరణంతో చేసిన క్రోమోజోము ఇంజనీరింగ్. వేప పూత బయటి నుండి చేసే పనిని ఈ గోధుమ తన వేళ్లతో చేస్తుంది.

ఇదే గుణం జొన్నలో ముందే ఉంది. జొన్న వేళ్ల నుండి సోర్గోలియోన్ అనే జిడ్డు పదార్థం ఊరుతుంది. ఏ రకం ఎంత విడుదల చేస్తుందన్నది రకాన్ని బట్టి మారుతుంది, కనుక ఎంపికకు అవకాశం ఉంది. ఆర్మూర్, నందిపేట్, బాల్కొండ ప్రాంతంలో యాసంగిలో ఎర్రజొన్న విత్తనం కోసం పండిస్తారు. ఇక్కడి పంట ఉత్తరాది మేత పొలాలకు విత్తనంగా వెళుతుంది. ఇన్నేళ్లుగా ఆ పంట గురించి జరిగిన గొడవలన్నీ కొనుగోలు ధర మీదే, అది న్యాయమే. జొన్న వేరు తన చుట్టూ ఉన్న పిడికెడు మట్టిలో నత్రజనిని పట్టి ఉంచే పని చేస్తుందన్న సంగతి ఆ ఒప్పందాల్లో ఎక్కడా ధర కట్టలేదు. వరి తరువాత వరి వేసే మడికీ, మొక్కజొన్న తరువాత ఎర్రజొన్న వేసే చల్కకూ యూరియా మోతాదులు వేరుగా లెక్కకట్టడానికి పరిశోధన కేంద్రాలకు ఇది మంచి ఆధారం. రుద్రూర్ వంటి కేంద్రాలు అటువంటి పరీక్షలకు తగినవి. వాటికి నేల, నీరు, తూకం, నాలుగైదు పంటకాలాల ఓపిక చాలు.